చేర్చాలా.. మార్చాలా? తేడా తెలిస్తేనే అడ్మిన్!

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్ చేతిలో పెడతారు. దాంతోనే ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది, మెయిల్ వస్తుంది, వైఫై కలుస్తుంది. ఇన్ని చోట్ల మన పేరు ఎవరు రాసిపెట్టారు? ఎవరూ రాయలేదు. ఒక్కచోటే రాశారు, మిగతావన్నీ అక్కడికెళ్లి అడుగుతున్నాయి. ఆ ఒక్క చోటే డైరెక్టరీ సర్వర్. అందులో కమాండ్ లైన్ నుంచి ఎంట్రీలు చేర్చడం, మార్చడం తెలిసిన ఫ్రెషర్‌కు సిస్టమ్ అడ్మిన్, ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ కొలువుల ఇంటర్వ్యూల్లో చెప్పడానికి సొంత సరుకు ఉంటుంది. నేర్చుకోవడానికి ఫీజులేం అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, వారం పది రోజుల సాధన ఉంటే చాలు.

ఇంతకీ ఏమిటీ డైరెక్టరీ?

పాత టెలిఫోన్ డైరెక్టరీని గుర్తు తెచ్చుకోండి. అందులో కొత్త పేర్లు ఎప్పుడో ఒకసారి చేరతాయి, వెతకడం మాత్రం రోజూ జరుగుతుంది. డైరెక్టరీ సర్వర్ కూడా అంతే. రాయడం తక్కువ, చదవడం ఎక్కువ. ఉద్యోగి పేరు, మెయిల్, ఫోన్ నంబర్, పాస్‌వర్డ్, అతను ఏయే గ్రూపుల్లో ఉన్నాడు అన్న వివరాలు ఇందులో ఉంటాయి.

దీనితో మాట్లాడే పద్ధతి పేరు ఎల్‌డాప్. పూర్తి పేరు లైట్‌వెయిట్ డైరెక్టరీ యాక్సెస్ ప్రోటోకాల్. ఈ ‘లైట్‌వెయిట్’ వెనక ఒక కారణం ఉంది. 1988లో ఎక్స్.500 అనే ప్రమాణం వచ్చింది. అది చాలా బరువైనది, అప్పటి చిన్న కంప్యూటర్లకు మోయడం కష్టం. దాన్ని తేలిక చేసే పని అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలో జరిగింది. టిమ్ హోవ్స్, ఆయన సహచరుల కృషితో 1993లో ఎల్‌డాప్ తొలి ప్రమాణపత్రం వెలువడింది. ఇప్పుడు వాడుతున్న మూడో వెర్షన్ 1997లో వచ్చింది. ఉచితంగా దొరికే ఓపెన్‌ఎల్‌డాప్ ప్రాజెక్టు 1998లో మొదలైంది. మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్ డైరెక్టరీ విండోస్ 2000తో పాటు వచ్చింది. అదీ ఎల్‌డాప్ భాష మాట్లాడుతుంది. అందుకే ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట కూడా పనికొస్తుంది.

చిరునామా తిరగేసి రాసినట్టు..

డైరెక్టరీలో సమాచారం చెట్టులా ఉంటుంది. పైన సంస్థ, దాని కింద విభాగాలు, వాటి కింద మనుషులు. ప్రతి ఎంట్రీకీ ఒక పూర్తి చిరునామా ఉంటుంది. దాన్ని డిస్టింగ్విష్డ్ నేమ్ అంటారు, పొట్టిగా డీఎన్. ఉత్తరం మీద పేరు, వీధి, ఊరు, జిల్లా రాసినట్టే ఇదీ చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తుంది.

ఒక కాలేజీ డైరెక్టరీలో రమ్య అనే విద్యార్థిని ఎంట్రీ ఇలా ఉంటుందనుకోండి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి.

డీఎన్: యూఐడీ=రమ్య,ఓయూ=పీపుల్,డీసీ=కాలేజ్,డీసీ=టెస్ట్
ఆబ్జెక్ట్‌క్లాస్: ఐనెట్‌ఆర్గ్‌పర్సన్
యూఐడీ: రమ్య
సీఎన్: రమ్య కె
ఎస్‌ఎన్: కె
మెయిల్: రమ్య@కాలేజ్.టెస్ట్

మొదటి వరుస చిరునామా. మిగతావి ఆట్రిబ్యూట్లు, అంటే వివరాలు. సీఎన్ అంటే కామన్ నేమ్, ఎస్‌ఎన్ అంటే ఇంటిపేరు, ఓయూ అంటే విభాగం, డీసీ అంటే డొమైన్‌లో ఒక్కో ముక్క. ఆబ్జెక్ట్‌క్లాస్ అనేది ‘ఈ ఎంట్రీ ఏ రకం’ అని చెబుతుంది. ఏ రకానికి ఏ వివరాలు తప్పనిసరో స్కీమా అనే నియమావళిలో రాసి ఉంటుంది. ఐనెట్‌ఆర్గ్‌పర్సన్ అని రాస్తే సీఎన్, ఎస్‌ఎన్ రెండూ ఉండాల్సిందే. ఎస్‌ఎన్ మర్చిపోతే సర్వర్ ఎంట్రీని తీసుకోదు.

ఇలా రాసే పద్ధతికి ఎల్‌డిఫ్ అని పేరు. 2000 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 2849గా ప్రమాణమైంది. నోట్‌ప్యాడ్ లాంటి ఏ టెక్స్ట్ ఎడిటర్‌లోనైనా రాసుకోవచ్చు.

ఇంట్లోనే ల్యాబ్

వర్చువల్‌బాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఉబుంటు గానీ డెబియన్ గానీ వర్చువల్ మెషీన్‌గా పెట్టుకోండి. రెండు జీబీ ర్యామ్ ఇస్తే సరిపోతుంది. అందులో రెండు ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయాలి. ఒకటి ఎస్‌ల్యాప్‌డీ, ఇది సర్వర్. రెండోది ఎల్‌డాప్-యుటిల్స్, ఇందులో మనకు కావాల్సిన కమాండ్లుంటాయి. ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. డొమైన్ పేరు మార్చుకోవాలంటే డీపీకేజీ-రీకాన్ఫిగర్ కమాండ్ ఉంది. డొమైన్‌గా కాలేజ్.టెస్ట్ అని ఇవ్వండి. ‘టెస్ట్’ అనే చివరి పేరును పరీక్షల కోసమే కేటాయించారు కాబట్టి బయటి ఏ వెబ్‌సైట్‌తోనూ గొడవ రాదు.

చేర్చడం ఇలా..

కొత్త ఎంట్రీలు చేర్చే కమాండ్ ఎల్‌డాప్‌యాడ్. ఫైల్ సిద్ధం చేసుకున్నాక ఇలా ఇస్తారు.

ఎల్‌డాప్‌యాడ్ -ఎక్స్ -డీ "సీఎన్=అడ్మిన్,డీసీ=కాలేజ్,డీసీ=టెస్ట్" -డబ్ల్యూ -ఎఫ్ కొత్తవారు.ఎల్‌డిఫ్

ఇందులో ఎక్స్, ఎఫ్ చిన్న అక్షరాలు. డీ, డబ్ల్యూ పెద్ద అక్షరాలు. ఎక్స్ అంటే మామూలు పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్తున్నామని. డీ తర్వాత ఎవరి పేరుతో వెళ్తున్నామో చెప్పాలి. పెద్ద డబ్ల్యూ పెడితే పాస్‌వర్డ్‌ను విడిగా అడుగుతుంది. చిన్న డబ్ల్యూ పెడితే పాస్‌వర్డ్‌ను కమాండ్‌లోనే రాసేయొచ్చు గానీ ఆ అలవాటు వద్దు. అది కమాండ్ హిస్టరీలో మిగిలిపోతుంది. అదే మెషీన్ మీద ఉన్న ఇంకొకరు నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితాలోనూ చూసే వీలుంటుంది. ఇంటర్వ్యూలో ‘చిన్న డబ్ల్యూకూ పెద్ద డబ్ల్యూకూ తేడా ఏంటి?’ అని అడిగితే ఈ కారణంతో సహా చెప్పండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఫైల్‌లో ఎంట్రీకీ ఎంట్రీకీ మధ్య ఒక ఖాళీ వరుస ఉండాలి. పైకొమ్మ ముందు, కిందికొమ్మ తర్వాత రావాలి. పీపుల్ అనే విభాగమే లేకుండా అందులో రమ్యను చేర్చమంటే సర్వర్ 32 అనే నంబరుతో ‘అలాంటిదేం లేదు’ అంటుంది.

మార్చడంలోనే అసలు పరీక్ష

చేర్చేటప్పుడు తప్పు చేస్తే సాధారణంగా ఎంట్రీ పడదు, అంతే. మార్చేటప్పుడు తప్పు చేస్తే ఉన్నది పోతుంది. అందుకే అనుభవజ్ఞులు ఎల్‌డాప్‌మోడిఫై దగ్గర ఒక్క క్షణం ఆగి, ఫైల్ మళ్లీ చదివి ఎంటర్ కొడతారు.

మార్పు ఫైల్‌లో చిరునామా తర్వాత ‘ఛేంజ్‌టైప్: మోడిఫై’ అని రాయాలి. ఆ తర్వాత మూడు క్రియల్లో ఒకటి ఎంచుకోవాలి. యాడ్, డిలీట్, రీప్లేస్. మొత్తం విద్య ఈ మూడింటిలోనే ఉంది.

ల్యాబ్ అనే గ్రూపులో ఇప్పటికే నలభై మంది సభ్యులున్నారు. రమ్యను నలభై ఒకటో సభ్యురాలిగా చేర్చాలి. సరైన ఫైల్ ఇది.

డీఎన్: సీఎన్=ల్యాబ్,ఓయూ=గ్రూప్స్,డీసీ=కాలేజ్,డీసీ=టెస్ట్
ఛేంజ్‌టైప్: మోడిఫై
యాడ్: మెంబర్
మెంబర్: యూఐడీ=రమ్య,ఓయూ=పీపుల్,డీసీ=కాలేజ్,డీసీ=టెస్ట్

ఇందులో మూడో వరుసలో ‘యాడ్’ బదులు ‘రీప్లేస్’ అని రాశారనుకోండి. సర్వర్ ఏ తప్పూ చూపించదు. కమాండ్ చక్కగా పూర్తవుతుంది. కానీ గ్రూపులో రమ్య ఒక్కతే మిగులుతుంది. మిగతా నలభై మందీ బయటికి పోయారు! ఎందుకంటే రీప్లేస్ అంటే ‘ఈ వివరం కింద ఇప్పటిదాకా ఉన్నవన్నీ తీసేసి, నేనిచ్చినవి మాత్రమే ఉంచు’ అని అర్థం. ఆ గ్రూపు ద్వారానే వీపీఎన్‌లోకి వెళ్లే ఆఫీసు అయితే మర్నాడు పొద్దున్నే హెల్ప్‌డెస్క్ ఫోన్లు మోగిపోతాయి.

డిలీట్‌లోనూ ఇలాంటి మెలికే ఉంది. ‘డిలీట్: మెయిల్’ అని రాసి, కింద ఏ మెయిలో చెప్పకపోతే ఆ వ్యక్తికి ఉన్న మెయిళ్లన్నీ పోతాయి. ఫలానా మెయిల్ అని కింద వరుసలో రాస్తే అదొక్కటే పోతుంది.

మరి ఏది ఎప్పుడు? గుర్తుంచుకోవడానికి తేలికైన సూత్రం ఇది. గ్రూపు సభ్యుల్లాగా ఒకే వివరానికి చాలా విలువలుంటే యాడ్, డిలీట్ వాడండి. పదవి లాగా ఒక్కటే విలువ ఉంచే చోట రీప్లేస్ బాగుంటుంది. విలువ ముందు లేకపోయినా రీప్లేస్ కొత్తగా పెట్టేస్తుంది కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు.

పాత విలువే తాళం

ఒకే ఎంట్రీలో రెండు మార్పులు ఒకేసారి చేయాలంటే మధ్యలో ఒక వరుసలో హైఫన్ మాత్రమే పెట్టాలి. ఇక్కడే ఒక మంచి కిటుకు ఉంది. రమ్య పాత మెయిల్ తీసి కొత్తది పెట్టాలి. రీప్లేస్ బదులు ముందు పాత మెయిల్‌ను పేరు పెట్టి డిలీట్ చేయమని, హైఫన్ తర్వాత కొత్తది యాడ్ చేయమని రాయండి. ఈలోగా ఇంకెవరైనా ఆ మెయిల్‌ను మార్చేసి ఉంటే పాత విలువ దొరకదు. సర్వర్ 16 నంబరు తప్పు చూపించి మొత్తం మార్పును ఆపేస్తుంది. ఒక ఎంట్రీ మీద ఒక మోడిఫై అభ్యర్థనలో ఎన్ని మార్పులున్నా అన్నీ జరుగుతాయి, లేదా ఏదీ జరగదు. సగం జరిగి సగం ఆగడం ఉండదు. ఇది ప్రోటోకాల్ నియమం.

అయితే ఈ హామీ ఒక ఎంట్రీకే. ఫైల్‌లో వంద మంది ఎంట్రీలుండి, నలభై ఒకటో దగ్గర తప్పు వస్తే కమాండ్ అక్కడ ఆగిపోతుంది. మొదటి నలభై మాత్రం అప్పటికే మారిపోయి ఉంటాయి. చిన్న సీ ఆప్షన్ పెడితే తప్పు వచ్చినదాన్ని చెప్పేసి ముందుకెళ్తుంది. ఫైల్‌ను మళ్లీ నడిపేముందు ఎక్కడిదాకా జరిగిందో చూసుకోకపోతే గందరగోళమే.

నంబర్లే దారి చూపిస్తాయి

తప్పు వస్తే కంగారు వద్దు. సర్వర్ ఇచ్చే నంబరులోనే కారణం ఉంటుంది. తరచూ కనిపించేవి ఇవి.

49: పేరో పాస్‌వర్డో తప్పు.
50: మీకు ఆ మార్పు చేసే అధికారం లేదు.
32: మీరు చెప్పిన ఎంట్రీ గానీ దాని పైకొమ్మ గానీ లేదు.
68: ఆ ఎంట్రీ ఇప్పటికే ఉంది.
20: ఆ విలువ ఇప్పటికే ఉంది, రమ్యను అదే గ్రూపులో రెండోసారి చేర్చినట్టు.
65: స్కీమా నియమం దెబ్బతింది, తప్పనిసరి వివరం లేకపోవడం లాంటిది.
21: విలువ రాసిన తీరు సరిగా లేదు.

చివరిదాంతో కొత్తవారు గంటలు గంటలు తంటాలు పడుతుంటారు. ఆబ్జెక్ట్‌క్లాస్ వరుస చివర కంటికి కనిపించని ఒక స్పేస్ మిగిలిపోయినా 21 వస్తుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన ఫైళ్లలో ఇది మామూలే. ఇంకో సంగతి. ఎల్‌డిఫ్‌లో ఒక వరుస స్పేస్‌తో మొదలైతే అది పై వరుసకు కొనసాగింపు అని అర్థం. కాబట్టి వరుస మొదట్లో స్పేస్ పడినా తిప్పలే.

గ్రూప్‌ఆఫ్‌నేమ్స్ రకం గ్రూపులో కనీసం ఒక్క సభ్యుడైనా ఉండాలన్నది నియమం. చివరి సభ్యుణ్ని తీసేయబోతే 65 ఎందుకు వస్తుందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

తెలుగు పేరు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఎల్‌డాప్ మూడో వెర్షన్ యూటీఎఫ్-8ను అంగీకరిస్తుంది. కాకపోతే ఎల్‌డిఫ్ ప్రమాణం ప్రకారం ఇంగ్లిషేతర అక్షరాలున్న విలువను బేస్64 రూపంలోకి మార్చి, ఆట్రిబ్యూట్ పేరు తర్వాత ఒక కోలన్ బదులు రెండు కోలన్లు పెట్టాలి. లినక్స్‌లో బేస్64 అనే కమాండే ఉంది. ‘రమ్య’ అన్న పేరులో నాలుగు యూనికోడ్ గుర్తులున్నాయి. ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం పన్నెండు. బేస్64లో అది పదహారు అక్షరాలవుతుంది. మీకు ఇరవై వచ్చాయంటే ఎకో కమాండ్‌కు చిన్న ఎన్ ఆప్షన్ ఇవ్వలేదన్నమాట. చివర న్యూలైన్ ఒకటి దూరింది. మన పేరుతోనే ఈ సాధన చేసి చూడండి, ఎన్‌కోడింగ్ పాఠం మొత్తం ఒక్క పూటలో బోధపడుతుంది.

ముందు ఫొటో, తర్వాత ఫొటో

మంచి అడ్మిన్‌కు ఉండే అలవాట్లు ఇవి. మొదటి రోజు నుంచే చేసుకోండి.

• మార్చే ముందు ఎల్‌డాప్‌సెర్చ్‌తో ఆ ఎంట్రీని చూసి, ఫలితాన్ని ఫైల్‌లో దాచుకోండి. పొరపాటు జరిగితే వెనక్కి తేవడానికి అదే ఆధారం.
• చిన్న ఎన్ ఆప్షన్‌తో ముందు ఉత్తుత్తిగా నడపండి. ఏం చేయబోతోందో చూపిస్తుంది, ఏమీ మార్చదు. ఫైల్ రాతలోని తప్పుల్ని పట్టిస్తుంది. స్కీమా తప్పులు మాత్రం సర్వర్ చూశాకే బయటపడతాయి.
• వంద ఎంట్రీల ఫైల్ ఉంటే ముందు ఒక్కదానితో ప్రయత్నించండి.
• మార్చాక మళ్లీ ఎల్‌డాప్‌సెర్చ్ చేసి, ముందు దాచిన ఫైల్‌తో డిఫ్ కమాండ్‌తో పోల్చండి. మీరు అనుకున్న తేడా ఒక్కటే కనిపించాలి.
• 389 పోర్టు మీద మామూలుగా వెళ్తే పాస్‌వర్డ్ బహిరంగంగా ప్రయాణిస్తుంది. స్టార్ట్‌టీఎల్‌ఎస్ గానీ 636 పోర్టు గానీ వాడండి.
• పాస్‌వర్డ్‌ను ఎల్‌డిఫ్ ఫైల్‌లో ఉన్నదున్నట్టు రాయకండి. దానికి ఎల్‌డాప్‌పాస్‌డబ్ల్యూడీ అనే వేరే కమాండ్ ఉంది.

ఇంటర్వ్యూలో ఇలా అడగొచ్చు

ఎల్‌డాప్‌యాడ్, ఎల్‌డాప్‌మోడిఫై రెండూ వేర్వేరు ప్రోగ్రామ్‌లా? ఓపెన్‌ఎల్‌డాప్‌లో రెండూ ఒకటే. యాడ్ పేరుతో పిలిస్తే ‘చేర్చు’ అనే ఆప్షన్ దానంతటదే పడుతుంది. మోడిఫైకి చిన్న ఏ ఆప్షన్ ఇచ్చినా అదే పని.

ఉద్యోగి రాజీనామా చేశారు, ఏం చేస్తారు? ఎంట్రీని వెంటనే డిలీట్ చేస్తానని గబుక్కున చెప్పకండి. ముందు ఖాతా పనిచేయకుండా ఆపడం, గ్రూపుల నుంచి తీసేయడం, సంస్థ నియమం ప్రకారం గడువు ముగిశాక తొలగించడం అని వరుసగా చెప్పండి. యాక్టివ్ డైరెక్టరీలో అయితే యూజర్‌అకౌంట్‌కంట్రోల్ విలువ సాధారణ ఖాతాకు 512, ఆపేసిన ఖాతాకు 514 ఉంటుందని కలిపితే మీరు చేతులతో పని చేశారని తెలిసిపోతుంది. వెళ్లిపోయిన ఉద్యోగి ఖాతా తెరిచే ఉండటం చిన్న విషయం కాదు. పాత తాళంచెవి ఇంకా పనిచేస్తున్నట్టే.

అంతా క్లౌడ్‌కు వెళ్తుంటే ఇది ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు దగ్గరే ఉంది. క్లౌడ్ సేవల మధ్య యూజర్ల వివరాలు పంపడానికి 2015లో ప్రమాణమైన స్కిమ్ పద్ధతిలోనూ మార్పు అభ్యర్థనకు మూడే క్రియలు. యాడ్, రిమూవ్, రీప్లేస్. అక్కడా ఒకదాని బదులు ఇంకోటి రాస్తే ఉన్నవి పోయే ప్రమాదం ఉంది. వేదిక మారినా జాగ్రత్త మారలేదు.

రెజ్యూమెలో ఏం రాయాలి?

‘ఎల్‌డాప్ తెలుసు’ అని ఒక్క మాట రాస్తే పెద్దగా బరువుండదు. చేసిన పని రాయండి. ‘ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్ ఏర్పాటు చేసి, సీఎస్‌వీ ఫైల్ నుంచి వంద ఎంట్రీల ఎల్‌డిఫ్ తయారుచేసే స్క్రిప్ట్ రాశాను. మార్పులకు ముందు, తర్వాత పోల్చే పద్ధతి పెట్టాను’ అంటే ఎదుటివారికి అడగడానికి పది ప్రశ్నలు దొరుకుతాయి. పదింటికీ మీ దగ్గర జవాబుంటుంది. ఆ స్క్రిప్ట్‌ను పైథాన్‌లో రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. అందులో ఊహించిన పేర్లే వాడండి, క్లాస్‌మేట్ల అసలు వివరాలు వద్దు.

జాబ్ పోర్టళ్లలో లినక్స్ అడ్మినిస్ట్రేటర్, ఐడెంటిటీ అండ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్, డైరెక్టరీ సర్వీసెస్, విండోస్ అడ్మిన్ అన్న పేర్లతో వెతకండి. కోడింగ్ అంతగా ఒంటబట్టని ఇంజినీరింగ్, బీఎస్సీ, బీసీఏ విద్యార్థులకు ఇటువైపు దారి ఉంది. ఇక్కడ మెరుపు వేగం కన్నా నిదానం, క్రమశిక్షణ ఎక్కువ అక్కరకొస్తాయి.

ఈ వారం ఒక పని చేయండి. నలభై మంది సభ్యులతో గ్రూపు తయారుచేసి, ఎంట్రీని దాచుకుని, కావాలనే యాడ్ బదులు రీప్లేస్ కొట్టండి. గ్రూపు ఖాళీ అవడం కళ్లారా చూడండి. తర్వాత దాచిన ఫైల్ నుంచి ఆ నలభై మందినీ వెనక్కి తెండి. సొంత ల్యాబ్‌లో ఈ పని ఒకసారి చేసినవాళ్లు కంపెనీ సర్వర్ ముందు కూర్చున్నప్పుడు మూడో వరుసను రెండుసార్లు చదువుతారు.